తగ్గని చోటు

ఆ ఇంటి హాల్లో గోడకి వేలాడే ఫొటోలో ఉన్నది ముగ్గురే. అయినా వచ్చినవాళ్లంతా దాన్ని చూసి మనసులో ఒకసారి లెక్కపెట్టుకునేవాళ్లు. ఎడమవైపు కుర్చీలో పెద్దావిడ, ఆవిడ వెనక కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డ కొడుకు, కుడివైపు చివర మూడేళ్ల పిల్ల. కొడుక్కీ పిల్లకీ మధ్య మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ లేత నీలం తెర తప్ప ఏమీ లేదు. "ఎవరైనా రావాల్సి ఉందా అప్పుడు?" అని ఓ దూరపు చుట్టాలావిడ అమాయకంగా అడిగేసింది కూడా. ఆ పూట పెద్దావిడ ఆమెకి రెండోసారి టీ ఇవ్వలేదు.

రావాల్సిన మనిషి కాదు, ఉన్న మనిషే. ఆ ఇంటాయన మొదటి భార్య. ఫొటో తీసిన కొన్నాళ్లకే జ్వరమని ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు. ఏడాది గడిచాక ఆయనకి మళ్లీ పెళ్లి కుదిరింది. కొత్త కోడలు వచ్చీ రాగానే గోడ మీద పాత కోడల్ని చూస్తే ఏం బాగుంటుందని పెద్దావిడ గొడవ పెట్టింది. ఆయన ఫొటోగ్రాఫరు. ఇల్లు పైన, స్టూడియో కింద. మెట్లు దిగి వెళ్లి, తన భార్యని తన చేత్తోనే ఫొటోలోంచి చెరిపేసి, కొత్త ప్రింటు తెచ్చి గోడకి తగిలించాడు. ఇదంతా వీధిలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ మాట్లాడుకోరు.

వచ్చిన కోడలికి పేరు లేకపోలేదు. కానీ పెళ్లయి వచ్చిన రోజున పెద్దావిడ మనవరాలిని ముందుకి నెట్టి, "ఇదిగోనే గువ్వా, ఈవిడ్ని కొత్తమ్మా అని పిలువు" అంది. పిల్ల పిలవలేదు గానీ వీధంతా పిలవడం మొదలుపెట్టింది. బట్టయినా నాలుగు ఉతుకులకి పాతబడుతుంది. రెండేళ్లు దాటినా ఆమె మాత్రం కొత్తమ్మగానే ఉండిపోయింది.

గువ్వకి ఇప్పుడు ఏడేళ్లు. అన్నం పెడితే తింటుంది, జడ వేస్తానంటే వచ్చి కూర్చుంటుంది. కావాల్సిందేదైనా ఉంటే గాలిని అడిగినట్టు "పెన్సిలు లేదు" అంటుంది. ఎవరితో అంటోందో చెప్పదు. కొత్తమ్మే అర్థం చేసుకుని తెచ్చిపెట్టాలి.

ఆ ఇంట్లో ఖాళీ ఫొటోలోనే కాదు, అన్ని చోట్లా ఉంది. తలుపు పక్కన గోడకి కొక్కేలు వరసగా ఉండేవి. మధ్యదానికి ఎవరూ ఏమీ తగిలించరు. భోజనాల బల్ల దగ్గర కిటికీవైపు కుర్చీలో ఎవరూ కూర్చోరు. పెద్దావిడ నడుం పట్టేసిన రోజున కూడా దాన్ని దాటి వెళ్లి అవతలి కుర్చీలో కూలబడేది. కొత్తమ్మ ఓసారి తెలియక తన సంచీని మధ్య కొక్కేనికి తగిలించింది. ఎవరూ ఒక్క మాటన్లేదు. సాయంత్రానికి సంచీ చివరి కొక్కేనికి మారిపోయింది. ఎవరు మార్చారో ఆమెకి ఇప్పటికీ తెలియదు, అడగడానికి ధైర్యమూ చాల్లేదు.

ఇక ఫొటో సంగతి. దాని అద్దం మీద ఎప్పుడూ ఒకే చోట చిన్న వేలిముద్ర మరక ఉండేది. ఫొటోలో గువ్వ కుడిచెయ్యి కాస్త పైకి లేచి, పిడికిలి బిగించి ఉంటుంది. సరిగ్గా ఆ పిడికిలి మీద మరక. రోజూ బడికి వెళ్లేముందు పిల్ల స్టూలెక్కి అక్కడ వేలు ఆనించేది. రోజూ పది గంటలకి పెద్దావిడ తడిగుడ్డతో తుడిచేది. ఆ ఇద్దరి మధ్యా ఇది ఒక ఒప్పందంలా సాగిపోయింది.

అలా సాగిపోయేదేమో కూడా. ఇంతలో ఇనప బీరువా ఒకటి వచ్చింది. పెద్దావిడ చెల్లెలు ఇల్లు మారుతూ, పారెయ్యబుద్ధి కాక పంపించింది. అది వచ్చి హాల్లో సగం గోడని ఆక్రమించుకుంది. ఫొటోకి మిగిలింది సన్నటి జాగా.

"నువ్వు చేస్తావు కదమ్మాయ్ ఈ కంప్యూటర్ పని," అంది పెద్దావిడ. "ఫొటోని ఇక్కడ పట్టేట్టు సన్నం చెయ్యి. ఎలాగూ మధ్యలో పన్నూడిన నోరులా ఆ ఖాళీ ఒకటి. అది మూసేస్తే చాలు, సరిపోతుంది."

"ఆయనకే చెప్పకపోయారా అత్తయ్యా?"

"చెప్పా. ఒకసారి కాదు. వినపడనట్టు వెళ్లిపోయాడు. వాడి చెవులు వాడిష్టం."

కొత్తమ్మకి లోలోపల సంతోషం వేసింది. దాచడం దేనికి? ఆ ఖాళీని చూసిన ప్రతిసారీ ఆమెకి గుండెలో ఏదో గుచ్చుకునేది. బతికున్న మనిషితోనైతే పోట్లాడొచ్చు, మాటకి మాట అనొచ్చు. నీలం తెరతో ఏం పోట్లాడుతుంది? అది మూసుకుపోతే ఈ ఇంట్లో తనకి కాస్త చోటు దొరుకుతుందని ఆశపడింది. సరేనని కిందకి దిగింది.

మధ్యాహ్నం. బయట వాన. ఆయన ఏదో బడిలో పిల్లల గ్రూప్ ఫొటోలు తియ్యడానికి వెళ్లాడు. స్టూడియోలో ఆమె ఒక్కతే. కంప్యూటర్ బల్ల ముందు కూర్చుంటే ఎదురుగా ఫొటోలు తీసే గది కనిపిస్తుంది. ఆ గదిలో వెనకగోడకి లేత నీలం తెర వేలాడుతూ ఉంటుంది. ఫొటోలో ఉన్నదీ ఆ తెరే.

ఆమెకి ఈ పని కొత్త కాదు. పెళ్లికి ముందు ప్రెస్సులో శుభలేఖలూ క్యాలెండర్లూ దిద్దింది. ఫొటోని ఊరికే రెండువైపుల నుంచీ నొక్కితే మనుషులు వెదురుబొంగుల్లా తయారవుతారు. కత్తిరిస్తే ఎవరిదో భుజం పోతుంది. మూడో దారి ఒకటుంది. ఫొటోలో ఏమీ లేని చోట్లని, అంటే గోడనీ ఆకాశాన్నీ తెరనీ, వెంట్రుకంత సన్నటి పోగులుగా కంప్యూటరే లాగేసి, మనుషుల్ని ముట్టుకోకుండా దగ్గరికి జరుపుతుంది. కాకపోతే ఏది ముఖ్యమో దానికి తెలీదు, మనం చెప్పాలి. ముట్టుకోకూడని వాటి మీద తెల్లరంగు పూసి, మిగతాదంతా నల్లగా వదిలి, మాస్కు అనే ఆ పూతని ఫొటోతో పాటే దాచి, ఇదీ అని చూపించాలి. తెల్లగా ఉన్నదాని జోలికి అది పోదు.

ఆ స్టూడియోలో ఇలాంటి మాస్కు ఎవరు చేసినా పెట్టే పేరు ఒకటే: 'ముఖ్యం'. ఆయన పెట్టిన పద్ధతి. పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, కళ్లు మూసుకుని ఎంచుకోవచ్చు. కంప్యూటర్ పైన గోడకి ఆయన దస్తూరీతో ఇంకో పద్ధతి కూడా అంటించి ఉంది: 'ముందు కాపీ తియ్యి.'

కొత్తమ్మ ముందు కాపీ తీసింది. అత్తగారి మీదా ఆయన మీదా పిల్ల మీదా ఓపిగ్గా తెల్లరంగు పూసింది. 'ముఖ్యం' అని పేరు పెట్టింది. తర్వాత అలవాటు ప్రకారం పెద్దగా చూడకుండానే 'ముఖ్యం' ఎంచుకుని ఫొటో అంచు పట్టుకుని లోపలికి జరిపింది.

అత్తగారు సన్నబడిపోయింది. కుర్చీతో సహా కర్రలా అయిపోయింది. ఆవిడ నిజంగా అంత సన్నబడితే మెట్ల దగ్గర ఆయాసం తగ్గేదని కొత్తమ్మకి నవ్వొచ్చింది. ఆయన భుజం లోపలికి పోయింది. గువ్వ మొహం నిలువునా సాగింది. నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మధ్యలో నీలం తెర అంగుళం కూడా కదల్లేదు. అందరూ నలిగిపోతున్నారు, ఎవరూ లేని చోటు మాత్రం ఉన్నదున్నట్టు ఉంది.

వెనక్కి తీసుకొచ్చి మళ్లీ జరిపింది. మళ్లీ అంతే. ఈసారి ఆయన మొహమే వంకరపోయింది. మొట్టమొదట పోవాల్సింది ఆ తెరే. అందులో గీత లేదు, మరక లేదు, కంప్యూటర్ ఆగాల్సిన కారణమే లేదు.  కొత్తమ్మ తలెత్తి ఎదురుగదిలోకి చూసింది. అక్కడ ఫ్యాను గాలికి నీలం తెర కొద్దిగా ఉబ్బి, మళ్లీ గోడకి ఆనుకుంది. లేచి వెళ్లి ఫ్యాను ఆపేసి వచ్చింది. తెర ఇంకాసేపు కదిలింది.

భయపడితే పని జరగదని తనని తాను కసురుకుని, మాస్కుల జాబితా తెరిచి చూసింది. అందులో 'ముఖ్యం' అని రెండున్నాయి. కిందిది ఆమెది. పైనున్నది ఎప్పటినుంచో ఫొటోలోనే ఉంది. ఇంతసేపూ ఆమె ఎంచుకుంటున్నది దాన్నే.

పైదాన్ని తెరిచింది.

స్క్రీనంతా నల్లబడింది. ఆ నలుపు మధ్య తెల్లగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

మొహం లేదు, కళ్లు లేవు, చీర లేదు. ఉత్త ఆకారం. కానీ మనిషి తెలిసిపోతోంది. కొత్తమ్మ కంటే కాస్త పొట్టి. జడ భుజం మీంచి ముందుకి పడి ఉంది. తల ఒకవైపుకి, పిల్ల ఉన్న వైపుకి వంగి ఉంది. ఆ వైపు చెయ్యి కిందకి చాచి ఉంది, చివర చూపుడువేలు. కొత్తమ్మ ఆమెని చూడ్డం అదే మొదటిసారి. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఉన్న ఒకట్రెండూ, గోడ మీంచి దింపిన పాత ప్రింటుతో సహా, ఆమె పుట్టింటివాళ్లు తీసుకెళ్లిపోయారు, తర్వాత వాళ్లతో మాటలే లేవు. రెండేళ్లుగా ఎవరి కుర్చీలో కూర్చోకుండా, ఎవరి కొక్కేన్ని ముట్టుకోకుండా తిరుగుతోందో ఆ మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడింది.

కొత్తమ్మ ఫొటో వైపు మారి, పిల్ల పిడికిలిని పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య గులాబీరంగులో సన్నటి చుక్క. గోరు. పెద్దవాళ్ల గోరు. ఆయన చెరుపుకుంటూ చెరుపుకుంటూ అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. అద్దం మీద మరక ఎందుకు పడుతుందో ఆమెకి అప్పుడు తెలిసింది.

తెలిసినంత మాత్రాన మనసు మెత్తబడిందా అంటే లేదు. కోపం ముంచుకొచ్చింది. పోయినావిడ మీద, చెరిపినట్టు చెరిపి ఆకారాన్ని భద్రంగా దాచుకున్న మొగుడి మీద, ఏమీ తెలీనట్టు మూసెయ్యమన్న అత్తగారి మీద. 'ముఖ్యం' అట. మరి నేనేమిటి అనుకుంది. కిందున్న తన మాస్కుని ఎంచుకుని, అంచు పట్టుకుని జరిపేసింది. నీలం తెర ఒక్క ఊపులో మూసుకుపోయింది. ఆయన పిల్ల పక్కకి వచ్చేశాడు. ఆయన చేతిని కాస్త దిద్ది, పిల్ల పిడికిలి మీద వేసింది. గోరు దాని కిందకి పోయింది. ఎక్కడా అతుకు కనపడలేదు.

ప్రింటు తీసి, సన్న ఫ్రేములో బిగించి, బీరువా పక్కన తగిలించింది.

"ఆ, ఇప్పుడు సంసారంలా ఉంది," అంది పెద్దావిడ. ఇంకేదో అనబోయి, ఫొటోకేసి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

సాయంత్రం గువ్వ వచ్చింది. బూట్లు తడిసి కిచకిచమంటున్నాయి. బ్యాగు కింద పడేసి, అలవాటుగా స్టూలు లాక్కుని ఎక్కింది. వేలు అద్దం మీద పెట్టబోయి ఆగింది. ఎక్కడ పెట్టాలో తెలీక అటూ ఇటూ తడిమింది. తండ్రి చేతి మీద గోటితో గీకింది.

"ఇక్కడ అమ్మ వేలు ఉండేది," అంది. ఈసారి గాలితో కాదు. తిరిగి కొత్తమ్మ కళ్లలోకి చూసి అంది.

కొత్తమ్మ కింద పడ్డ బ్యాగుని తీసి పక్కన పెట్టింది.

"నువ్వు మూసేశావా?"

"గోడ చాల్లేదమ్మా. అందుకని..."

పిల్ల మళ్లీ ఫొటోకేసి చూసింది. "మూసేటప్పుడు అమ్మకి నొప్పెట్టిందా?"

ఏడవలేదు, అలగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. కొత్తమ్మకి సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. ఆ పిల్లని దగ్గరకి తీసుకునే హక్కు కూడా తనకి లేదనిపించింది.

అప్పుడే ఆయన వచ్చాడు. గుమ్మంలోంచి గోడ చూశాడు. బూట్లు కూడా విప్పకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. కొత్తమ్మ వెనకే వెళ్లింది. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని అసలు ఫొటో తెరిచాడు. వెతకలేదు, తడుముకోలేదు, చెయ్యి తిన్నగా ఆ మాస్కు మీదకే వెళ్లింది. ఎన్నిసార్లు తెరిచి ఉంటే చేతికి అంత అలవాటవుతుందో కొత్తమ్మకి అర్థమైంది. స్క్రీను నల్లబడింది. తెల్లటి మనిషి వచ్చి నిలబడింది.

"ఉంది," అన్నాడు ఊపిరి వదిలి. "చెరిపేశావేమో అనుకున్నా."

"కాపీ మీద చేశానండీ. మీరే రాసిపెట్టారుగా."

ఆయన గోడ మీది కాగితం వైపు చూశాడు. "ఆ రోజు నేను తియ్యలేదు. అమ్మ పై నుంచి పిలుస్తోంది, పెళ్లి దగ్గర పడింది, త్వరగా అయిపోతే చాలనుకున్నా. అసలు దాని మీదే సేవ్ చేసి, కంప్యూటర్ కట్టేశా. పొద్దున వచ్చి చూస్తే తను లేదు. తనని చెరపడానికి పూసుకున్న ఈ ఆకారం ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతే ఆ కాగితం అంటించా."

"వేరే ఫొటోలే తియ్యలేదా?"

"లైటు పట్టుకునేది ఎప్పుడూ తనే. మనవి తర్వాత తీసుకుందాంలే అనేది." ఆయన కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "మొహం గుర్తు రావడం లేదిప్పుడు. ఇది తెరిస్తే కాస్త వస్తుంది. నీకు బాధని చెప్పలేదు."

"చెరిపేముందు నన్నడిగారా? ఉండనివ్వండి అనేదాన్నేమో."

నిజంగా అనేదా? ఆమెకే తెలీదు. కానీ అడగనందుకు కోపం ఉంది, అది ఆయన మీద చూపించేసరికి మధ్యాహ్నం నుంచీ గుండెలో ఉన్న బరువు కాస్త దిగింది.

మెట్ల మీద కిచకిచమని చప్పుడు. గువ్వ దిగి వచ్చింది. స్క్రీను ముందు ఆగింది. అది ఎవరో ఎవరూ చెప్పలేదు.

"అమ్మ," అంది, వీధి చివర వస్తున్న మనిషిని గుర్తుపట్టినట్టు. ఆ తెల్లటి చేతి చివర వేలు ఆనించి, అలాగే ఉంచింది.

మర్నాడు బీరువా పెద్దావిడ గదిలోకి పోయింది. జరపమన్నది ఆవిడే. దాని అంచు రోజూ ఆవిడ కాలి వేలికి తగులుతుంది, రోజూ చెల్లెల్ని తిడుతుంది. పాత ఫొటో ఎప్పటి చోటికి వచ్చింది. సన్న ఫొటో ఏమైందో కొత్తమ్మ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

వచ్చిన ఆదివారం ఆయన, "ఒక కొత్త ఫొటో దిగుదాం, అందరం," అన్నాడు. నీలం తెర ముందు కుర్చీ వేశారు. పెద్దావిడ కూర్చుంది. ఆయన కెమెరాకి టైమరు పెట్టి, పరుగున వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు. గువ్వ వచ్చి తన చోట నిలబడింది. కొత్తమ్మకి ఎక్కడ నిలబడాలో తోచక ఒక్క క్షణం తడబడి, పిల్లకి అవతలివైపు వెళ్లి నిలబడింది. కెమెరా క్లిక్కుమంది.

కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఆయనకీ పిల్లకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ అనుకుని వదల్లేదు. ఇంట్లో రోజూ నడిచినట్టే అక్కడా నిలబడ్డారు. గువ్వ ఎడమచేతిలో కొత్తమ్మ చూపుడువేలు ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియలేదు. కుడిచెయ్యి మాత్రం కాస్త పైకి లేచి, పిడికిలి బిగించి ఉంది. అందులో ఏమీ లేదు.

కొత్త ఫొటో పాతదాని పక్కన పట్టాలంటే కొంచెం సన్నం చెయ్యాలి. కొత్తమ్మ కూర్చుంది. కాపీ తీసింది. అత్తగారి మీద తెల్లరంగు పూసింది, ఆయన మీద పూసింది, పిల్ల మీద పూసింది. కాస్త మొహమాటంగా తన మీద కూడా పూసుకుంది. తర్వాత పాత ఫొటోలోంచి ఆ ఆకారాన్ని తీసుకొచ్చి నీలం తెర మీద పెట్టింది. తల వంపు పిల్ల వైపే ఉంది. వేలు సరిగ్గా పిడికిలి దాకా రాలేదు. పిల్ల అప్పటికంటే పొడుగైంది మరి. ఆకారాన్ని కొద్దిగా పైకి జరిపింది. సరిపోయింది. అన్నిటినీ కలిపి 'ముఖ్యం' అని పేరు పెట్టి, ఫొటో అంచు పట్టుకుని జరిపింది. రెండు చివర్లా తెర తగ్గింది, కుర్చీ పక్కన నేల తగ్గింది. ఆ చోటు తగ్గలేదు.

కుర్చీ వెనక ఊపిరి చప్పుడైంది. గువ్వ ఎప్పుడొచ్చిందో, ఆమె భుజం మీంచి చూస్తోంది.

"కొత్తమ్మా," అని పిలిచింది పిల్ల. పిలవడం అదే మొదలు. "అమ్మ బాగా పడిందా ఫొటోలో?"

కొత్తమ్మకి ఆ ఖాళీ తెర మసగ్గా కనిపించింది. కళ్లు ఒత్తుకుని మళ్లీ చూసింది.

"బాగా పడిందమ్మా," అంది. "అస్సలు కదల్లేదు."